విమానం టికెట్టు చదువుకుందాం



సాయంత్రం పూట మదనపల్లె బస్టాండులో బెంగుళూరు బస్సు దగ్గర నిలబడి చూడండి. తాళ్లు కట్టిన అట్టపెట్టెలు, చక్రాల సూట్‌కేసులు కనబడతాయి. వాటి పక్కన ఒక ఆడమనిషి ఉంటుంది. సాగనంపడానికి ఇంటిల్లిపాదీ వచ్చి ఉంటారు. ఆమె పని కోసం కువైట్‌కు పోతోంది. లేదంటే అక్కడ ఉన్న కూతురి దగ్గరికి కాన్పుకు పోతోంది. అంగళ్లు, కురబలకోట, రాయచోటి పక్క పల్లెల్లో ఇట్లాంటి ఇళ్లు చాలానే ఉన్నాయి.

ఆమె చేతి సంచిలో ఒక కాగితం ఉంటుంది. అదే విమానం టికెట్టు. ఆ కాగితాన్ని పదిసార్లు తడిమి చూసుకుంటుంది. కానీ చదవదు. "అంతా ఇంగ్లీషే కదమ్మా, ఏజెంటు చెప్పినాడులే" అంటుంది.

ఇంగ్లీషే, నిజమే. కానీ ఆ కాగితంలో మనకు కావలసినవి అయిదారు ముక్కలే. అందులో సగం అంకెలు. అంకెలు మనకు వచ్చు. విమానం ప్రయాణంలో డబ్బు దండగయ్యేదీ, ఎయిర్‌పోర్టులో కన్నీళ్లు పెట్టుకునేదీ ఎక్కువగా ఆ అయిదారు ముక్కలు ఇంటి దగ్గర చూసుకోకపోవడం వల్లనే. అందుకే వాటిని ఒక్కొక్కటిగా చూద్దాం.

ఏ రోజు? ఎన్ని గంటలకు?

అన్నిటికంటే పెద్ద చిక్కు ఇక్కడే ఉంది. మన లెక్కలో తెల్లారితే కొత్త రోజు. విమానం వాళ్ల లెక్కలో నడిరాత్రి 12 దాటితే కొత్త రోజు. గల్ఫ్ విమానాలు చాలావరకు నడిరాత్రో, తెల్లవారుజామునో బయలుదేరతాయి.

మీ టికెట్టులో 12వ తేదీ, 01:30 అని ఉందనుకోండి. అంటే ఏ రాత్రి? "12వ తేదీ రాత్రి కదా" అని చాలామంది అనుకుంటారు. 12వ తేదీ పొద్దున ఇంట్లో పూజ చేసుకుని, తీరిగ్గా బయలుదేరతారు. అప్పటికే విమానం కువైట్‌లో దిగి ఉంటుంది! 12వ తేదీ 01:30 అంటే 11వ తేదీ రాత్రి పడుకున్నాక వచ్చే ఒంటిగంటన్నర.

వెనక నుంచి లెక్క వేసుకోండి. విదేశానికి పోయే విమానమైతే మూడు గంటల ముందు ఎయిర్‌పోర్టులో ఉండాల. అంటే 11వ తేదీ రాత్రి పదిన్నరకు. బెంగుళూరు ఊరి నుంచి ఎయిర్‌పోర్టుకు గంటన్నర, రెండు గంటలు పడుతుంది. మదనపల్లె నుంచి బెంగుళూరుకు దాదాపు నాలుగు గంటలు వేసుకోండి. దారిలో బండ్లు ఆగిపోతే ఇంకొంచెం. కాబట్టి 11వ తేదీ మధ్యాహ్నం మూడింటికల్లా మదనపల్లె దాటాల. ఈ లెక్కను కాగితం మీద మీ చేత్తో రాసుకోండి. ఇంట్లో అందరికీ చూపించండి.

ఇంకొక చిన్న సంగతి. టికెట్టులో పగలు, రాత్రి అని రాయరు. గంటలను 24 దాకా లెక్కిస్తారు. 12 కంటే పెద్ద అంకె ఉంటే 12 తీసేయండి. 15:40 అంటే మధ్యాహ్నం 3:40. 21:10 అంటే రాత్రి 9:10. తీసివేత లెక్కలు ఎందుకు నేర్పినారా అనుకున్నాం కదా, ఇదిగో ఇందుకు!

పేరు సరిగ్గా ఉందా?

టికెట్టులో పేరు, పాస్‌పోర్టులో పేరు ఒక్కటిగా ఉండాల. పాస్‌పోర్టులో నాగమణి అని ఉండి, టికెట్టులో నాగమ్మ అని ఉంటే ఆపేస్తారు. ఊర్లో రెండు పేర్లతోనూ పిలుస్తారని చెప్పినా వినరు. ఇంటిపేరు, తండ్రి పేరు, భర్త పేరు కూడా పాస్‌పోర్టులో ఎట్ల ఉంటే అట్లనే ఉండాల. టికెట్టు చేతికి రాగానే రెండింటినీ పక్కపక్కన పెట్టండి. ఇంగ్లీషు రాకపోయినా ఫరవాలేదు. ముగ్గులో చుక్కలు సరిచూసినట్టు ఒక్కో అక్షరం ఆకారం సరిచూడండి. తేడా ఉంటే ఆ రోజే చెప్పి సరిచేయించండి. ఆలస్యమయ్యే కొద్దీ ఖర్చు పెరుగుతుంది.

పనికి పోయే వాళ్లు టికెట్టు కంటే ముందు వీసా చూడాల. పదో తరగతి పాస్ కాని వాళ్ల పాస్‌పోర్టు వేరే రకం. అట్లాంటి వాళ్లు గల్ఫ్‌కు పనికి పోవాలంటే మన ప్రభుత్వం అనుమతి ఉండాల. ఇంటి పనికి పోయే ఆడవాళ్లకు 30 ఏళ్లు నిండి ఉండాలనే నియమం ఉంది. ఇవి తప్పించుకోవడానికి కొందరు ఏజెంట్లు "చూసి రావడానికి పోతున్నానని చెప్పు" అని విజిటింగ్ వీసా చేతిలో పెడతారు. ఆ వీసా మీద పనికి పోతే అక్కడ మనకు ఏ చట్టమూ అండగా నిలవదు. ఎయిర్‌పోర్టులోనే తిప్పి పంపినా ఏజెంటు డబ్బు వాపసు ఇవ్వడు. సరైన దారిలో పోతే ప్రవాసీ భారతీయ బీమా యోజన అనే 10 లక్షల రూపాయల బీమా కూడా ఉంటుంది. అనుమానం వస్తే 1800 11 3090కు ఫోను చేయండి. అది విదేశాంగ శాఖ సహాయ కేంద్రం నంబరు. ఫోనుకు ఖర్చు లేదు.

తక్కువ ధర ఎట్లా?

2003లో బెంగుళూరు నుంచి ఎయిర్ డెక్కన్ అనే కంపెనీ మొదలైంది. దాన్ని పెట్టినాయన గోపీనాథ్. మామూలు మనుషులు కూడా విమానం ఎక్కాలనేది ఆయన ఆలోచన. సూర్య నటించిన 'ఆకాశం నీ హద్దురా' సినిమాకు ఆయన కథే ఆధారం. తక్కువ ధర విమానాల లెక్క ఇట్లా ఉంటుంది. హోటల్లో ఫుల్ మీల్స్‌కు ఒక ధర ఉంటుంది. ఇంకో హోటల్లో ఉత్త అన్నానికి ఒక ధర, పప్పుకు ఒకటి, పెరుగుకు ఒకటి. ఈ విమానాలు రెండో హోటల్ లాంటివి. ప్రయాణానికి ఒక ధర. తిండికి వేరే. నచ్చిన సీటుకు వేరే. ఎక్కువ లగేజికి వేరే.

కాబట్టి టికెట్టు ధర ఒక్కటే చూస్తే మోసపోతాం. అన్నీ కూడి చూడాల. ఒక టికెట్టు వెయ్యి రూపాయలు తక్కువ అనుకోండి. కానీ లగేజి పది కిలోలు తక్కువ ఇస్తారనుకోండి. ఏది లాభం? అట్లనే బెంగుళూరు నుంచి ఎంత, చెన్నై నుంచి ఎంత అని రెండూ అడగండి. బస్సు చార్జీ కలుపుకుని చూడండి. దేశం లోపల పోవాలంటే రేణిగుంట ఎయిర్‌పోర్టు ఉంది, కడపలోనూ ఉంది. 2017 ఏప్రిల్‌లో ఉడాన్ పథకం మొదలైనప్పుడు మొట్టమొదటి విమానాల్లో కడప–హైదరాబాదు విమానం ఒకటి. చిన్న ఊర్ల నుంచి విమానాలు వస్తుంటాయి, ఆగిపోతుంటాయి. అందుకని అడిగి తెలుసుకోవాల.

టికెట్టు ఎంత ముందు కొంటే అంత మంచిది. నెలా రెండు నెలల ముందు కొంటే సాధారణంగా చౌక. రంజాను, సంక్రాంతి, పిల్లల ఎండాకాలం సెలవుల్లో ధరలు మండిపోతాయి. ఆ పది రోజులు తప్పించగలిగితే తప్పించండి.

సీటుకు డబ్బు అడిగితే కంగారు పడొద్దు. "ఏ సీటైనా ఫరవాలేదు" అని చెప్పండి. ఏదో ఒక సీటు ఊరికే ఇస్తారు. కౌంటరులో బోర్డింగ్ పాసు ఇవ్వడానికి వేరే డబ్బు తీసుకోకూడదని 2022 జులైలో కేంద్ర ప్రభుత్వం విమాన కంపెనీలకు చెప్పింది. బోర్డింగ్ పాసు అంటే విమానం ఎక్కడానికి ఇచ్చే చీటీ.

ఒక మాట చెప్తే కోపం తెచ్చుకోవద్దు. మనిషి ఒకరు పోతుంటే, సాగనంపడానికి బండి నిండా జనం పోతారు. బండి బాడుగ, అందరికీ భోజనాలు. టికెట్టు మీద మిగిల్చింది అక్కడ పోతుంది. పైగా టికెట్టు లేని వాళ్లను ఎయిర్‌పోర్టు లోపలికి రానివ్వరు. ఒకరు తోడు వస్తే చాలు. బెంగుళూరు మెజెస్టిక్ నుంచి ఎయిర్‌పోర్టుకు వాయు వజ్ర అనే సిటీ బస్సులు తిరుగుతాయి. లగేజి పెట్టుకోవడానికి చోటు ఉంటుంది. టాక్సీతో పోలిస్తే ఖర్చు చాలా తక్కువ.

కిలోల లెక్క

టికెట్టులో కిలోల అంకెలు రెండు ఉంటాయి. ఒకటి విమానం కడుపులో వేసే పెద్ద లగేజి. రెండోది మన చేతిలో ఉంచుకునే సంచి. దేశం లోపల తిరిగే విమానాల్లో మామూలుగా 15 కిలోలు, 7 కిలోలు. విదేశానికైతే కంపెనీని బట్టి మారుతుంది. మీ టికెట్టులో ఏముందో అదే లెక్క.

లగేజి ఎక్కువైతే కిలోకు వందల రూపాయలు అడుగుతారు. అప్పుడు చూడాలి ఆ అవస్థ! కౌంటరు ముందే నేల మీద పెట్టె విప్పి, ఏది పారేయాలో తెలియక ఏడ్చే వాళ్లు ఉంటారు. బియ్యం పారేయాలా, బిడ్డకు కుట్టించిన గౌను పారేయాలా? మనకు తూకం తెలియని పనా? అంగళ్లులో టమాటా మండీలు ఉన్నాయి. మండీలోనో, చిల్లర అంగడిలోనో కాటా మీద పెట్టె పెట్టి తూయండి. టికెట్టులో ఉన్న దానికంటే ఒక కిలో తక్కువే ఉండనివ్వండి. కాటాకూ కాటాకూ కొంచెం తేడా ఉంటుంది కదా.

ఏది ఏ సంచిలో పెట్టాల? ఊరగాయ, నెయ్యి, నూనె, పెరుగు, కారంపొడి చేతి సంచిలో పెట్టొద్దు. కత్తి, కత్తెర, అడకత్తెర కూడా వద్దు. విదేశానికి పోయేటప్పుడు నీళ్లలాంటివి, ముద్దగా ఉండేవి 100 మిల్లీలీటర్లకు మించిన సీసాలో చేతి సంచిలో ఉండకూడదు. దీనికి కారణం ఉంది. 2006లో లండన్‌లో కొందరు కూల్‌డ్రింకు సీసాల్లో మందుగుండు దాచి విమానాలు పేల్చాలని చూశారు. ముందే పట్టుబడ్డారు. అప్పటి నుంచి లోకమంతా ఈ నియమం వచ్చింది. ఊరగాయను గట్టిగా మూత పెట్టి, రెండు మూడు కవర్లు చుట్టి పెద్ద పెట్టెలో పెట్టండి.

ఎండు కొబ్బరి పెద్ద పెట్టెలో కూడా పెట్టనివ్వరు. దాంట్లో నూనె ఎక్కువ, తొందరగా అంటుకుంటుంది. అగ్గిపెట్టె, లైటరు ఎక్కడా వద్దు. ఫోనుకు చార్జింగ్ ఎక్కించే పవర్ బ్యాంకు మాత్రం చేతి సంచిలోనే ఉండాల. పాస్‌పోర్టు, డబ్బు, మందులు, డాక్టరు చీటీ, ఒక జత బట్టలు కూడా చేతి సంచిలోనే పెట్టుకోండి. పెద్ద పెట్టె ఒకరోజు ఆలస్యంగా వచ్చినా ఇబ్బంది ఉండదు.

గసగసాల సంగతి తప్పక తెలుసుకోండి. మన వంటింట్లో అది మసాలా దినుసు. సౌదీ, దుబాయి, కతార్ లాంటి చోట్ల అది మత్తుమందు కింద లెక్క. పొట్లం చిన్నదైనా జైలు తప్పకపోవచ్చు. గల్ఫ్‌లో ఎక్కడికి పోయినా గసగసాలు ముట్టొద్దు. మసాలా పొడిలో కలిపినా వద్దు.

దీనికంటే పెద్ద ప్రమాదం పరాయి పొట్లం. "అక్కా, మా తమ్మునికి రెండు కిలోల చింతపండు ఇవ్వక్కా" అని ఎవరో ఒకరు బస్టాండు దాకా వస్తారు. కాదంటే బాగుండదని తీసుకుంటాం. లోపల గంజాయి ఉన్నా, మత్తు మాత్రలు ఉన్నా పట్టుబడేది మనమే. "నాకు తెలియదు" అంటే వినే కోర్టు లేదు. మొహమాటపడొద్దు. "నా లగేజి కిలోలు అయిపోయినాయి" అని చెప్పండి. సొంత బంధువైనా పొట్లం విప్పి, ప్రతి వస్తువూ మీ చేత్తో సర్దుకున్నాకే తీసుకోండి.

ఎయిర్‌పోర్టులో

బెంగుళూరు ఎయిర్‌పోర్టు దేవనహళ్లి దగ్గర ఉంది. 2008లో తెరిచారు. ఇప్పుడు అక్కడ రెండు టెర్మినళ్లు ఉన్నాయి. టెర్మినల్ అంటే మనకు బస్టాండు భవనం లాంటిది. 2023 సెప్టెంబరు నుంచి విదేశాలకు పోయే విమానాలు రెండో టెర్మినల్ నుంచి బయలుదేరుతున్నాయి. మీ టికెట్టులో 1 ఉందా, 2 ఉందా చూసి బస్సు దిగండి.

వాకిట్లో తుపాకీ పట్టుకున్న జవాను టికెట్టు, పాస్‌పోర్టు చూస్తాడు. భయపడొద్దు, అది అందరికీ ఉండేదే. లోపల విమాన కంపెనీ కౌంటరులో పెద్ద లగేజి తీసుకుని బోర్డింగ్ పాసు ఇస్తారు. లగేజికి ఒక చిన్న చీటీ కూడా ఇస్తారు. దాన్ని పారేయొద్దు. ఈ కౌంటరు విమానం బయలుదేరడానికి గంట ముందే మూసేస్తారు. తర్వాత పాస్‌పోర్టు మీద ముద్ర వేస్తారు. ఆ తర్వాత తనిఖీ. ఆడవాళ్లను తెర వెనక ఆడ పోలీసులే తనిఖీ చేస్తారు. ఎవరైనా మగవాడు మీద చెయ్యి వేయబోతే "ఆడ పోలీసును పిలవండి" అని గట్టిగా అనండి.

తాగే నీళ్ల సీసాను తనిఖీకి ముందు ఖాళీ చేసి, అవతలికి పోయాక కొళాయి దగ్గర నింపుకోండి. ఊరికే దొరికే నీళ్లను లోపల అంగడిలో డబ్బు పెట్టి కొనడం ఎందుకు? తిండి కూడా అంతే. నిప్పట్లు, చెనక్కాయ ఉండలు, చపాతీ, పొడి ఇడ్లీ చేతి సంచిలో పెట్టుకోవచ్చు. ఎయిర్‌పోర్టులో టీ ధర చాలా ఎక్కువని జనం గొడవ పెట్టగా పెట్టగా, 2024 డిసెంబరులో కలకత్తాలో, 2025 ఫిబ్రవరిలో చెన్నైలో 'ఉడాన్ యాత్రీ కఫే' అనే అంగళ్లు పెట్టారు. అక్కడ టీ పది రూపాయలకే మొదలుపెట్టారు. అన్ని చోట్లా అట్లా లేదు. అందుకని మన సద్ది మనకు ఉండాల.

విమానం రెండు మూడు గంటలకు మించి ఆలస్యమైతే తిండి, నీళ్లు కంపెనీ వాళ్లే ఇవ్వాలని నియమం ఉంది. ఊరికే కూర్చుంటే ఇవ్వకపోవచ్చు. నలుగురు కలిసి పోయి అడగండి. నడవలేని పెద్దవాళ్లకు చక్రాల కుర్చీ కావాలంటే టికెట్టు కొనేటప్పుడే చెప్పాల.

బోర్డింగ్ పాసు మీద రెండు చూడండి. ఒకటి గేటు నంబరు. రెండోది సీటు నంబరు. గేటు మారుతూ ఉంటుంది, కాబట్టి అక్కడి బోర్డు కూడా చూస్తుండండి. సీటు నంబరులో ఒక అంకె, ఒక ఇంగ్లీషు అక్షరం ఉంటాయి. ఆరు అక్షరాలు గుర్తుంటే చాలు. 'ఎ' మధ్యలో దూలం వేసిన గుడిసె లాగా ఉంటుంది. 'బి' నిలువు గీతకు రెండు పొట్టలు. 'సి' నెలవంక. 'డి' ఎక్కుపెట్టని విల్లు. 'ఇ' మూడు పళ్ల దువ్వెన. దాని కింది పన్ను ఊడితే 'ఎఫ్'. 14-డి అంటే 14వ వరసలో విల్లు గుర్తు సీటు. మామూలు విమానంలో వరసకు ఆరు సీట్లు. గుడిసె, ఊడిన దువ్వెన కిటికీ పక్కవి. నెలవంక, విల్లు నడవా పక్కవి. మాటిమాటికీ లేవాల్సిన వాళ్లకు నడవా పక్కే మేలు.

పైన

"పైకి పోతే ఊపిరి ఆడుతుందా?" అని చాలామంది అడుగుతారు. ఆడుతుంది. విమానం పది కిలోమీటర్ల ఎత్తున పోతుంది. బయట గాలి చాలా పలచన. అందుకే లోపలికి గాలి నింపుతారు. అయినా నేల మీద ఉన్నంత చిక్కగా ఉండదు. మన హార్స్‌లీ కొండకు దాదాపు రెండింతలు ఎత్తున్న కొండ మీద కూర్చున్నట్టు ఉంటుంది. కొండకు బస్సులో పోయేటప్పుడు చెవులు దిబ్బెడ పడతాయి కదా, ఇక్కడా అంతే. ఆవలించండి, గుటకలు వేయండి, బెల్లం ముక్క చప్పరించండి. చంటిబిడ్డ ఉంటే ఎగిరేటప్పుడు, దిగేటప్పుడు పాలు పట్టండి. బాగా జలుబు ఉంటే చెవి నొప్పి ఎక్కువ అవుతుంది. ముందే డాక్టరుకు చూపించుకోండి.

మధ్యలో విమానం ఊగుతుంది. గాలిలో ఎత్తుపల్లాలు ఉంటాయి. గతుకుల రోడ్డులో బస్సు ఊగినట్టే. బెల్టు కట్టుకుని కూర్చోండి. బెల్టు పెట్టడం, తీయడం రాకపోతే అక్కడ పనిచేసే అమ్మాయిని అడగండి. లోపల చలిగా ఉంటుంది. ఒక దుప్పటో, శాలువానో దగ్గర ఉంచుకోండి. బిగుతు బట్టలు వద్దు. చెప్పులు సులభంగా విప్పేవి వేసుకోండి. గంటకోసారి లేచి నాలుగు అడుగులు వేస్తే కాళ్లు వాయవు. దొడ్డికి పోవాల్సి వస్తుందని నీళ్లు తాగడం మానొద్దు. వెనక, ముందు దొడ్లు ఉంటాయి. తలుపు మీద పచ్చ రంగు ఉంటే ఖాళీ. ఎర్ర రంగు ఉంటే లోపల మనిషి ఉన్నట్టు. బటన్ నొక్కితే పెద్ద శబ్దం వస్తుంది. ఉలిక్కిపడొద్దు.

దిగినాక

కువైట్‌కు దాదాపు అయిదు గంటల ప్రయాణం. దిగినాక పాస్‌పోర్టు చూపించి, లగేజి తీసుకోవాల. పెట్టెలు ఒక తిరిగే పట్టీ మీద వస్తాయి. నల్ల సూట్‌కేసులు అన్నీ ఒక్కలాగే ఉంటాయి. ఇంటి దగ్గరే మీ పెట్టెకు పాత చీర పేలిక ఒకటి కట్టండి, రంగు దూరానికి కనబడేది. పెట్టె రాకపోతే కౌంటరులో ఇచ్చిన చిన్న చీటీ చూపించండి. ఫిర్యాదు రాయించకుండా బయటికి రావొద్దు.

ఫోనులో చార్జింగ్ అయిపోవచ్చు. అందుకని తీసుకుపోవడానికి వచ్చే వాళ్ల నంబరు, ఇంటి నంబరు, అక్కడి భారత రాయబార కార్యాలయం నంబరు కాగితం మీద రాసి పెట్టుకోండి. పాస్‌పోర్టు, వీసాల జిరాక్సు ఒకటి ఇంట్లో ఇచ్చి పోండి. ఇంటికి ఫోను చేసేటప్పుడు గడియారం చూసుకోండి. కువైట్ మనకంటే రెండున్నర గంటలు వెనక. అక్కడ రాత్రి 8 అయితే అంగళ్లులో 10:30.